గల్లీ ఎంత, స్టేషన్ ఎంత

శంకర్‌పల్లి పక్క ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. ఆరెకరాల ఆసామి. మూడెకరాల్లో జామతోట, రెండెకరాల్లో కూరగాయలు, బోరు కింద ఎకరం వరి. ఎద్దులు అమ్మేశాక బ్యాంకు లోను మీద పద్దెనిమిదిన్నర హార్స్‌పవర్ల చిన్న ట్రాక్టరు కొన్నాడు. వాయిదాలన్నీ కట్టేశాడు. బండి ఇంకా గట్టిగానే ఉంది.

అప్పు తీరిన రైతుకు కొత్త అప్పు దగ్గర బెరుకు తగ్గుతుంది. పైగా షాబాద్‌లో ఉండే బామ్మర్ది ఆ ఏడే నలభై ఐదు హార్స్‌పవర్ల ట్రాక్టరు తెచ్చాడు. పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి ఊరేగించినట్టే ఇంటికి తీసుకొచ్చాడు. ఆ వేడుకకు వెళ్లి వచ్చిన నాటి నుంచి రైతు కంటికి తన బండి బొమ్మలా కనిపించడం మొదలైంది. రోటవేటర్ కడితే నత్తనడక. దమ్ములోకి దిగితే టైర్లు తిరగడమే తప్ప బండి ముందుకు పోదు. రెక్క నాగలి రేగడిలో దిగదు. షోరూం వాళ్లు పాతదానికి ధర కట్టారు. అది పోను నాలుగు లక్షలు అప్పు తెచ్చుకుంటే కొత్త బండి ఇంటి ముందుంటుందన్నారు. బయానా పదివేలు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు గానీ ఎందుకో చెయ్యి ముందుకు రావడం లేదు.

పుష్యమాసపు చలిలో ఒక పొద్దున వికారాబాద్ వైపు నుంచి వచ్చే రైలెక్కి నాంపల్లిలో దిగాడు. కూతురు నుమాయిష్ మైదానంలోని సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయలో డిగ్రీ చదువుతోంది. ఫీజు కట్టాలి, ఆ పిల్లతో కలిసి నుమాయిష్ ప్రదర్శన చూడాలి. అంతకంటే ముందు కాకను కలవాలి.

కాక వరుసకు చిన్నాయన. నాంపల్లి స్టేషన్‌లో కూలీగా చేరి నడుం వంగేదాకా పార్సిళ్లు మోశాడు. ఇప్పుడు స్టేషన్ నుంచి ఆబిడ్స్ దుకాణాలకు సరుకు చేరవేసే ట్రాలీ ఆటోల లెక్క చూస్తున్నాడు. పొలం అమ్మి పట్నం వచ్చినవాడే అయినా ఊళ్లో ఎవరు ఏ పంట వేశారో అతనికి తెలుసు. స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో ఇద్దరూ కూర్చున్నారు.

"కాకా, బండి మారుద్దామనుకుంటున్న."

"ఏం, కరాబైందా?"

"లేదు, మంచిగనే ఉంది. చిన్నగైతుంది."

"కొన్ననాడు ఎంతుందో గంతే ఉంటది గదరా. పని పెరిగిందా మరి?"

"పెరిగిందని గాదు. లేటైతుంది."

"ఏ పని లేటైతుంది?"

"అన్నీ."

"అన్నీ అంటే ఏదీ గాదు బిడ్డా. పేరు వెట్టి చెప్పు."

రైతు వేళ్ల మీద లెక్కపెట్టాడు. దమ్ము. ఎండాకాలం దుక్కి. పెంటఎరువు ట్రాలీ. రోటవేటర్. నాలుగో వేలు దగ్గర ఆగిపోయాడు.

"మరి జామతోటల?"

"తోటల దానికి తిప్పలేం లేదు. కొమ్మ తగలకుంట పోతది, కొమ్మ తగలకుంట వస్తది. మందు కొట్టుడు, గడ్డి కోసుడు, కాయ మోసుడు, అన్నీ దానితోనే."

"ఏడాదిల ఎక్కువ దినాలు ఏడుంటది నీ బండి?"

రైతు కప్పు సాసర్‌లో పెట్టాడు. "తోటలనే," అన్నాడు.

కాక అవునని గానీ కాదని గానీ అనలేదు. ముంబై రైల్లో వచ్చిన సరుకు ఒకటి చిరాగ్ అలీ లేన్‌లో దించేది ఉంది, నాతో నడువు అన్నాడు. ఇద్దరూ స్టేషన్ రోడ్డు పట్టుకుని ఆబిడ్స్ వైపు నడిచారు.

జనరల్ పోస్టాఫీసు దాటి గల్లీ మొగకు వచ్చేసరికి అక్కడ పెద్ద గొడవ. ఆ దుకాణంలో కొత్తగా చేరిన గుమస్తా, ఒకే తిప్పలో పని అయిపోతుందని అట్టపెట్టెలన్నీ డీసీఎంలో వేయించి నేరుగా గల్లీ దాకా తెచ్చాడు. ముందు భాగం మలుపు తిరిగింది, వెనక భాగం తిరగలేదు. డ్రైవరు అద్దాలు మడిచాడు. ఒకడు వెనక నిలబడి రానీ రానీ అంటున్నాడు, ఇంకొకడు ముందు నిలబడి ఆపు ఆపు అంటున్నాడు. కరెంటు స్తంభానికీ బాడీకీ మధ్య అరచేయి పట్టేంత సందు. రెండు వైపులా స్కూటర్లు, మధ్యలో ఇరుక్కున్న పండ్ల బండి, హారన్లు. ముందుకు పోవడానికి లేదు, వెనక్కి రావడానికి లేదు.

కాక ఫోన్ చేశాడు. మూడు ట్రాలీ ఆటోలు వచ్చాయి. డీసీఎం వెనక తలుపు తీసి పెట్టెలు వాటిలోకి మార్చారు. ఒకటి లోపలికి పోతుంటే ఇంకొకటి ఖాళీగా తిరిగి వస్తోంది. కాసేపట్లో సరుకు దుకాణంలో ఉంది. తేలికైన డీసీఎం ఇంచు ఇంచుగా వెనక్కి జరిగి రోడ్డెక్కింది.

"సమజైంది కాకా," అన్నాడు రైతు. "చిన్న బండే నయమంటవు."

"నేనట్ల అన్ననా?" కాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముంబై నుంచి గా పెట్టెలన్నీ ట్రాలీ ఆటోలు తెచ్చినయా? రైలు తెచ్చింది. స్టేషన్ కాడ పెద్దదే మొనగాడు. గల్లీల చిన్నదే మొనగాడు. ఈ స్టేషన్ 1907ల కట్టిండ్రు. అప్పటికీ ఇప్పటికీ రైలు ఎంత పొడుగైందో చూడు. గల్లీ పొడుగైందా, వెడల్పైందా? ఇంకింత ఇరుకైంది. సరుకు ఎంతుందని చూసుకున్నడు గానీ అది పోవాల్సిన తొవ్వ చూసుకోలే గా పిలగాడు. నిన్ను నేను ఒక్కటే అడుగుత. నీ పొలంల గల్లీ ఎంత, స్టేషన్ ఎంత?"

రైతు దగ్గర జవాబు లేదు. కాక అడిగింది అంతే. ఇంకో సరుకు వచ్చిందని ఫోన్ వస్తే వెనక్కి తిరిగి స్టేషన్ వైపు వెళ్లిపోయాడు.

సాయంత్రం నుమాయిష్‌లో తండ్రీకూతుళ్లు తిరిగి తిరిగి ఒక బెంచీ మీద కూలబడ్డారు. రైతు మనసంతా గల్లీ మీదే ఉంది. కాక అడిగిన మాట కూతురికి చెప్పాడు. కామర్స్ చదివే పిల్ల. నోట్‌బుక్కు తీసింది.

"నాయినా, మన రోటవేటర్ వెడల్పెంత?"

"మీటరు."

"గంటకు ఎంత దూరం నడుస్తది?"

"మట్టిల మూడు కిలోమీటర్లు. అంతకంటె తోలితే గడ్డలు లేస్తయి."

గంటకు 3,000 చదరపు మీటర్లు అని రాసింది. ఎకరం అంటే 4,047. తోట తీసేస్తే మిగిలేది మూడెకరాలు, అంటే పన్నెండు వేల చిల్లర. నాలుగు గంటల పని. చివర్లో మలుపులకు పావు వంతు కలిపితే ఐదు గంటలు. ఇక ఇరవై ఏడు హార్స్‌పవర్ల బండి తీసుకుంటే రోటవేటర్ నాలుగడుగులది పడుతుంది, అంటే 1.2 మీటర్లు. అదే వేగంతో ఐదు గంటల పని నాలుగు గంటల పది నిమిషాలకు దిగుతుంది. మిగిలేది సుమారు యాభై నిమిషాలు. బామ్మర్ది బండి లాంటిదైతే ఆరడుగుల రోటవేటర్ లాగుతుంది, ఐదు గంటల పని మూడు గంటల లోపు అయిపోతుంది.

"ఏడాదికి ఎన్నిమార్లు కొడ్తవు?"

"ఆరు మార్లు అనుకో."

"పద్నాలుగు గంటల లోపే మిగుల్తది నాయినా, గా పెద్దదానితోని. ఏడాది మొత్తంల."

రైతు ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. నత్తనడక అని ఏడాదిగా తాను తిట్టుకుంటున్నది ఈ పద్నాలుగు గంటల గురించేనా?

మర్నాడు ట్రూప్ బజార్‌లో ముప్పై మీటర్ల టేపు ఒకటి కొనుక్కుని రైలెక్కాడు. ఇంటికి పోయి ముందు తోట కొలిచాడు. మొక్కలు పెట్టినప్పుడు సాలుకూ సాలుకూ మధ్య పన్నెండడుగులు వదిలాడు. ఇప్పుడు కొమ్మలు విచ్చుకుని నాలుగున్నర అడుగులు మిగిలింది. చిన్న బండి వెడల్పు మూడడుగుల పైచిలుకు. బామ్మర్ది బండి ఐదున్నర దాటుతుంది. అది తోటలోకి వస్తే ప్రతి సాలులో రెండు వైపులా కాయ రాలుతుంది, బెరడు లేస్తుంది. ముళ్లకంచెకూ చివరి చెట్టుకూ మధ్య మలుపు తిరిగే జాగా కొలిచాడు. పెద్ద బండి ఒక్క తిప్పులో తిరగదు, వెనక్కీ ముందుకూ ఆడించాలి. దాని కోసం చివరి వరస చెట్లు కొట్టేయాలి.

తరువాత రోటవేటర్ తిరగేసి చూశాడు. బ్లేడ్లు సగానికి సగం అరిగిపోయి ఉన్నాయి. వెనక టైర్ల పళ్లు నున్నగా అయిపోయాయి. దమ్ములో బండి తిరిగిన చోటే తిరగడానికి ఇంజిను బలం చాలకపోవడం ఒక్కటే కారణం కాదు, నేలను పట్టే పన్ను లేకపోవడమూ ఒక కారణం. బ్లేడ్లు మార్చాడు. టైర్లు మార్చి ముప్పావు వంతు నీళ్లు నింపించాడు. ముందు బంపర్‌కు ఇనుప బరువులు తగిలించాడు. అన్నిటికీ అయిన ఖర్చు నాలుగు లక్షల పక్కన చెప్పుకునేంతది కాదు.

అయినా ఆ బండి చేయలేని పనులు కొన్ని మిగిలాయి. వాటిని దాచుకోకుండా రాసుకున్నాడు. రెండు పంటలకూ కలిపి దమ్ముకు ఎనిమిది గంటలు. ఎండాకాలం రెక్క నాగలికి ఐదు గంటలు. ఊళ్లో గంట కిరాయి పన్నెండు వందలు, అంటే 15,600. పెంటఎరువు ట్రిప్పులకు ఇంకో పదివేలు. కొత్త బండి అప్పుకైతే ఐదేళ్లపాటు ఏడాదికి అసలే 80,000, వడ్డీ వేరు. బయానా డబ్బులు కూతురి ఫీజు కిందికి పోయాయి.

మూడేళ్లు గడిచాయి. పక్క చేను యజమాని పట్నంలో ఇల్లు కట్టుకుని తన ఐదెకరాలు కౌలుకిచ్చాడు. రైతు తీసుకున్నాడు. చెట్టు లేదు, పుట్ట లేదు, గట్టు నుంచి గట్టుకు తెరిపి నేల. పత్తి, మక్క వేశాడు. ఆ ఏడు మృగశిర కార్తెలో తొలి వాన పడింది. ఊరంతా ఒక్కసారే దుక్కికి లేచింది. కిరాయి ట్రాక్టరు ఇవాళ రేపు అంటూ ఎనిమిది రోజులు దాటించింది. నేల పదును ఆరిపోయింది. ఆరిన నేలలో వేసిన విత్తనం మొలవలేదు, మళ్లీ కొని మళ్లీ వేయాల్సి వచ్చింది.

ఆ చలికాలం మళ్లీ నాంపల్లిలో దిగాడు. కాక నవ్వాడు. "టేపు నీ కాడనే ఉంది గదరా. ఇంక నన్నేం అడుగుతవు?"

"అడుగనీకి రాలే కాకా. చెప్పనీకి వచ్చిన. గల్లీ మూడెకరాలు, స్టేషన్ ఎనిమిదెకరాలైంది."

షోరూం వాళ్లు ఈసారి కూడా నలభై ఐదు హార్స్‌పవర్లదే చూపించారు. ఆయన టేపు తీసి బండ్లు కొలుచుకుంటూ పోయాడు. నాలుగు చక్రాలూ లాగే ఇరవై ఏడు హార్స్‌పవర్ల బండి ఒకటి నాలుగడుగుల వెడల్పు లోపే ఉంది. తోటలో దూరుతుంది, తెరిపి నేలలో ఐదు పళ్ల కల్టివేటర్ లాగుతుంది, దమ్ములో దిగబడదు. దాన్నే తెచ్చుకున్నాడు. రెక్క నాగలి పని ఇప్పటికీ కిరాయికే చేయిస్తున్నాడు. బామ్మర్ది వచ్చి బండి చుట్టూ తిరిగి, ఇంత డబ్బు పెట్టి ఇంత చిన్నదా బావా అన్నాడు. అతనికి పద్నాలుగెకరాలు, ఒక్క చెట్టు లేదు. ఊళ్లో సగం మందికి కిరాయి దున్నుతాడు. అతని బండి అతనికి సరిగ్గా సరిపోయింది.

నీతి

బండి ఎంత పెద్దదుండాలో చెప్పాల్సింది పొలం. పక్కింటివాడి బండి కాదు, మన పరపతి కాదు, షోరూం తగ్గింపు కాదు. పొలాన్ని అడగకుండా కొన్న ట్రాక్టరు ఎంత మంచిదైనా ఆ రైతుకు బరువే.

ఈ కథలో కాక చిన్నదే ముద్దు అనలేదు, పెద్దదే ఘనం అనలేదు. కథను సగం విని చిన్న కమతానికి చిన్న బండి అని తీర్పు ఇచ్చేవాళ్లు ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. సగటును చూసి బండి కొనాల్సి వస్తే ఇక్కడ చాలామంది అసలు ట్రాక్టరే కొనకూడదు. కానీ రెండెకరాల తోట ఉన్నవాడికి చిన్న బండి ఏడాదిలో చాలా రోజులు పనికొస్తుంది, ఆరెకరాల వరి ఒక్కటే ఉన్నవాడికి ఏ బండైనా ఏడాదిలో చాలా రోజులు షెడ్డులోనే ఉంటుంది. ఎన్ని ఎకరాలు అన్నదాని కంటే ఏ పని, ఎన్ని గంటలు, ఎంత ఇరుకు దారిలో అన్నదే అసలు లెక్క. ఈ లెక్క ఇంట్లో చదువుకున్న పిల్లలు పది నిమిషాల్లో వేసిపెడతారు. వాళ్లను అడగడానికి మనకు మొహమాటం ఎందుకో నాకు అర్థం కాదు.

బానెట్ మీద రాసిన హార్స్‌పవర్‌ను చూసి మోసపోవద్దు. అది ఇంజిను బలం. రోటవేటర్‌ను తిప్పే పీటీఓ దగ్గరికి వచ్చేసరికి అందులో కొంత తగ్గుతుంది. రెండు బండ్లను పోల్చేటప్పుడు పీటీఓ హార్స్‌పవర్ ఎంతో, హైడ్రాలిక్ ఎన్ని కిలోలు లేపుతుందో, బండి సొంత బరువెంతో అడగాలి. లాగే పనిలో బరువు లేని బలం టైరును తిప్పుతుందే తప్ప బండిని కదిలించదు. అందుకే కథలోని రైతు ఇంజిను జోలికి పోకముందు టైర్లలో నీళ్లు నింపాడు. అలాగని బరువు ఎక్కువైతే మంచిదని కూడా కాదు. తడి నేలలో బరువైన చక్రం కిందున్న మట్టిని గట్టిపరుస్తుంది, ఆ గట్టిపడ్డ పొరలోకి కూరగాయల వేరు దిగదు.

ఒక్క విషయంలో మాత్రం గంటలు, రూపాయల లెక్క పక్కన పెట్టేయాలి. అది ట్రాలీ. మన ఊళ్లలో ట్రాలీలకు చాలావాటికి బ్రేకులు ఉండవు. నిండు ట్రాలీతో కట్ట ఎక్కుతుంటే చిన్న ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. దిగుతుంటే వెనక నుంచి లోడు నెట్టుకొస్తుంది, ముందున్న తేలిక బండి దాన్ని ఆపలేదు. బండి అడ్డం తిరిగి డ్రైవరు కింద పడి నలిగిపోయిన వార్తలు చదువుతూనే ఉంటాం. మీ పొలానికి దారి ఎత్తుపల్లాలదై, వారం వారం లోడు ఎక్కించేది ఉంటే, చిన్న బండితో నెట్టుకురావద్దు. బరువైన బండి కొనండి, లేదా ట్రిప్పులు పెంచి లోడు సగం చేయండి, లేదా ఆ ఒక్క పని కిరాయికి ఇవ్వండి. ప్రాణం దగ్గర పొదుపు చూపించొద్దు.

కిరాయి మాట తేలిగ్గా అనేశాను గానీ, అందులో కష్టం రైతుకు తెలుసు. అందరికీ పదును ఒకే రోజు వస్తుంది. ఊళ్లో ఉన్న నాలుగు పెద్ద బండ్లూ ముందు సొంత చేలకు, తరువాత దగ్గరి చుట్టాలకు, ఆ తరువాతే మనకు. కథలో రైతు రెండోసారి బండి మార్చింది గొప్పకు కాదు, ఎనిమిది రోజుల ఆలస్యానికి మళ్లీ విత్తనం కొన్నందుకు. కొనాలా వద్దా అని తేల్చుకునేవాళ్లు కిరాయి రేటు ఒక్కటే రాసుకుంటే చాలదు. గత రెండు మూడేళ్లలో కిరాయి బండి ఎన్నిసార్లు అదునుకు రాలేదో, దానివల్ల ఎంత పోయిందో పక్కన రాసుకోవాలి. ఆ అంకె పెద్దదైతే బండి కొనడం తప్పు కాదు. నలుగురు రైతులు కలిసి ఒక బండివాడికి ముందే బయానా ఇచ్చి రోజులు ఖాయం చేసుకోవడం ఇంకో దారి. కొనే ముందు ఒక్క ఏడాదైనా ఆ దారి చూడాలంటాను.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ముప్పై ఐదు హార్స్‌పవర్ల బండి మీద 41 వేలు, నలభై ఐదు హార్స్‌పవర్ల మీద 45 వేలు తగ్గుతుందని కేంద్రం చెప్పింది. రైతుకు ఇది మేలే, సందేహం లేదు. ట్రాక్టరు టైర్ల మీద, విడిభాగాల మీద కూడా 18 నుంచి 5కు తగ్గించారు. ఈ రెండో సంగతికి హోర్డింగులు కట్టినవాళ్లు నాకు కనబడలేదు. పాత బండికి కొత్త టైర్లు, కొత్త విడిభాగాలు వేసుకునే రైతుకూ పన్ను తగ్గింపు అందుతుంది. నలభై వేలు తగ్గిందని నాలుగు లక్షలు అప్పు చేసే ముందు ఆ సంగతి గుర్తుండాలి.

ఇంకో మంచి మార్పు వచ్చింది. చిన్నదానికీ పెద్దదానికీ మధ్య మెట్లు పెరిగాయి. 2023 ఆగస్టులో మహీంద్రా తెచ్చిన ఓజా బండ్లు మన జహీరాబాద్‌లోనే తయారవుతున్నాయి. ఇరవై ఒకటి నుంచి నలభై హార్స్‌పవర్ల దాకా ఉన్నాయి, అన్నీ నాలుగు చక్రాలూ లాగేవే. వాటి రూపకల్పనలో జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా వాళ్ల చేయి ఉంది. చిన్న మళ్లలో వరి పండించే జపాన్ వాళ్లకు ఇరుకులో బలంగా తిరిగే బండి అవసరం మనకంటే ముందే వచ్చింది. కుబోటా వాళ్ల చిన్న బండ్లూ ఆ నేల మీద పుట్టినవే. ఏ కంపెనీది మంచిదని నేను చెప్పను. మధ్య మెట్టు ఉందని తెలియక ఒకేసారి పై మెట్టుకు దూకొద్దని చెబుతున్నాను.

ఇక పరువు సంగతి. ఇంటి ముందు పెద్ద ట్రాక్టరు ఉంటే పిల్లను ఇవ్వడానికి ముందుకొస్తారని నమ్మే ఊళ్లు మనకు ఉన్నాయి. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయలేను. తరతరాలుగా ఎద్దుల జతను చూసి కాపును కొలిచిన నేల ఇది. కానీ ఎద్దులకు వాయిదాలు లేవు. ట్రాక్టరుకు ఆరునెలలకొకసారి వాయిదా వస్తుంది, వాన వచ్చినా రాకపోయినా వస్తుంది. వాయిదా తప్పి బండిని ఫైనాన్సు వాళ్లు తోలుకుపోతే అదే ఊళ్లో ఆ ఇంటి పరువు ఏమవుతుంది? ఆరెకరాల రైతు కష్టం కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఈ మాట గట్టిగానే చెప్పాలి.

నాంపల్లిలో నుమాయిష్ సంగతి చూడండి. 1938లో పక్కనున్న పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. స్టాళ్లు పెరిగాక, 1946లో, ఇప్పటి ఇరవై మూడు ఎకరాల మైదానానికి మారింది. ముందు స్టాళ్లు పెరిగాయి, ఆ తరువాత మైదానం మారింది. బండి కొనే రైతు కూడా ఆ వరసే పాటించాలి, ముందు పని పెరగాలి, ఆ తరువాతే బండి మారాలి.

మీరు కూడా బండి మార్చే ఆలోచనలో ఉంటే, షోరూంలో సంతకం పెట్టే ముందు ఆ ట్రాక్టరును ఒక్క పూట మీ పొలానికి తెమ్మనండి. మంచి నేలలో తిప్పి చూపిస్తామంటారు, ఒప్పుకోవద్దు. మీ చేనులో అన్నిటికంటే ఇరుకైన సాలు, అన్నిటికంటే మెత్తటి మడి, అన్నిటికంటే నిటారు కట్ట, ఈ మూడు చోట్లా మీ పనిముట్టే కట్టి నడపమనండి. స్టీరింగ్ మీరే పట్టుకోండి. తేలేనని చెప్పిన డీలరు దగ్గర బయానా ఇవ్వకండి.